ఆల్కలైన్ నీళ్లతో క్యాన్సర్ పోతుందన్న ఫార్వర్డ్: నమ్మేసిన మనిషితో ఎలా మాట్లాడాలి?

వెన్నెలబాట

అందరికీ నమస్కారం. కొంచెం టెన్షన్‌లో ఉన్నాను కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. తొలిదశలోనే బయటపడింది, ఆపరేషన్ చేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉందని డాక్టర్లు చెప్పారు. పిన్ని మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎవరో పంపిన ఫార్వర్డ్ ఒకటి ఆమె మనసులో గట్టిగా నాటుకుపోయింది. క్యాన్సర్‌కు మూలకారణం కనిపెట్టినందుకే ఓటో వార్‌బర్గ్‌కు 1931లో నోబెల్ ఇచ్చారట. ఒంట్లో ఆమ్లం పెరగడమే ఆ కారణమట. క్షారగుణం ఉన్న (ఆల్కలైన్) నీళ్లు తాగితే క్యాన్సర్ కణాలు బతకలేవట. ఇది బయటపడితే మందుల కంపెనీలు మూతపడతాయి కాబట్టి తొక్కిపెట్టారట.

మా అన్నయ్య ఫ్యామిలీ గ్రూప్‌లోనే “ఇదంతా చెత్త, చదువుకుని కూడా ఇలాంటివి నమ్ముతారా” అని పెట్టాడు. పిన్ని గ్రూప్ వదిలి వెళ్లిపోయింది, వాడి ఫోన్ ఎత్తడం లేదు. నాతో ఇంకా మాట్లాడుతోంది. ఆ మెసేజ్‌లో నిజమెంత? ఆమెతో మాట ఎలా మొదలుపెట్టాలి?

సూటిమాట

మీ అన్నయ్య అన్నదాంట్లో తప్పేముంది? జనానికి ఆలోచించే ఓపిక లేదు. ఎంత చెప్పినా మారరు. చెప్పి చెప్పి విసిగిపోయాను నేను.

సూక్ష్మదర్శిని

వెన్నెలబాట గారూ, క్యాన్సర్ కణాలను పెంచే ల్యాబ్‌లోనే నా ఉద్యోగం. ఆ మెసేజ్‌ను ముక్కలుగా విడదీసి చెబుతాను. అందులో నిజాలు కూడా ఉన్నాయి, వాటి అండతోనే అబద్ధం నిలబడింది.

వార్‌బర్గ్‌కు 1931లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చిన మాట నిజం. అయితే అది కణాలు ఆక్సిజన్‌ను వాడుకునేలా చేసే ఎంజైమ్ ఏమిటో, ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు. క్యాన్సర్ గురించి కాదు. అంతకుముందే, 1920లలో, ఆయన క్యాన్సర్ కణాల మీదా పనిచేశారు. ఆక్సిజన్ సరిపడా ఉన్నా ఆ కణాలు గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయని గమనించారు. ఇది చాలా గొప్ప పరిశీలన. ఇప్పుడు ఆసుపత్రుల్లో చేసే పెట్ స్కాన్ దీని మీదే ఆధారపడింది: రేడియోధార్మికత కలిపిన గ్లూకోజ్ లాంటి పదార్థం ఎక్కిస్తే, చాలా రకాల కణితులు చుట్టుపక్కల కణజాలం కంటే ఎక్కువగా లాగేసుకుని స్కాన్‌లో వెలుగుతాయి. కాబట్టి వార్‌బర్గ్‌ను ఎవరూ తొక్కిపెట్టలేదు. ఆయన పేరుతోనే ఆ ప్రభావాన్ని విద్యార్థులకు పాఠంగా చెబుతారు.

ఇక ఆమ్లం సంగతి. కణితి చుట్టూ ఆమ్లత కొంచెం ఎక్కువగా ఉంటుంది, అదీ నిజమే. కానీ ఆ ఆమ్లాన్ని వదిలేది కణితే. ఫార్వర్డ్ రాసినవాళ్లు ఫలితాన్ని తీసుకొచ్చి కారణం స్థానంలో కూర్చోబెట్టారు.

నేను చేతులతో చేసే పని చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. కణాలను ఫ్లాస్కుల్లో ఒక పోషక ద్రవంలో పెంచుతాం. దాని పీహెచ్ దాదాపు 7.4 ఉండేలా చూసుకుంటాం. పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె: 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. స్వచ్ఛమైన నీటిది 7, అంటే క్యాన్సర్ కణాలు హాయిగా పెరిగేది కాస్త క్షారంగా ఉన్న ద్రవంలోనే. అందులో ఫినాల్ రెడ్ అనే రంగు కలుపుతారు. తాజాగా పోసినప్పుడు ఎర్రగా ఉంటుంది. కణాలు పెరిగేకొద్దీ నారింజ రంగుకు, తర్వాత పసుపుకు తిరుగుతుంది. కణాలు ఆమ్లం వదిలాయని, ద్రవం మార్చాల్సిన వేళయిందని అలా తెలుస్తుంది. హీలా అనే క్యాన్సర్ కణాలు 1951 నుంచి ప్రపంచమంతటా ల్యాబుల్లో ఇలాగే పెరుగుతున్నాయి. క్షారమే విరుగుడైతే అవి మొదటి వారంలోనే చచ్చిపోవాలి.

తాగే నీళ్లు రక్తాన్ని మార్చలేవు కూడా. కడుపులో ఆమ్లం పీహెచ్ సుమారు 1.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది. ఆల్కలైన్ నీళ్లు అక్కడికి చేరగానే ఆ గుణం పోతుంది. రక్తం పీహెచ్‌ను 7.35–7.45 మధ్య నిలబెట్టే పని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చూసుకుంటాయి. అది నిజంగా 7.45 దాటితే ఆరోగ్యం కాదు, ఆల్కలోసిస్ అనే సమస్య.

రాత్రిడ్యూటీ

నేను క్యాన్సర్ వార్డులో నర్సుని. సూక్ష్మదర్శిని గారు చెప్పినవి పిన్ని గారికి తప్పకుండా చెప్పండి, కానీ మొదటిరోజే వద్దు.

ముందు ఆపరేషన్ గురించి ఏం భయమో అడగండి. అడిగి, మధ్యలో సర్దిచెప్పకుండా వినండి. మత్తుమందు ఇస్తే మళ్లీ లేవనేమో అని కొందరికి. రొమ్ము తీసేస్తారేమో అని ఇంకొందరికి. కీమోలో జుట్టు ఊడటం చాలామందికి పెద్ద విషయం, అది చిన్న విషయమన్నట్టు మనం మాట్లాడకూడదు. ఇంత భయంలో ఉన్న మనిషికి “నీళ్లు తాగితే చాలు” అన్న మాట ఎంత ఊరటగా ఉంటుందో ఆలోచించండి. డాక్టరు ఆమెకు ఐదు నిమిషాలు కేటాయించి ఉంటారు. ఆ వీడియోల్లో మనిషి గంటసేపు నెమ్మదిగా, కళ్లలోకి చూస్తున్నట్టు మాట్లాడుతాడు.

ఆలస్యం మాత్రం ఎక్కువ కానివ్వకండి. నయం చేయగల క్యాన్సర్ ఉండి కూడా అసలు చికిత్స మానేసి ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే నమ్ముకున్న 281 మందిని, మామూలు చికిత్స తీసుకున్నవారితో పోల్చిన అమెరికా పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. మొత్తం మీద మరణం ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్ల పైనే. ఈ అంకె మీకోసం చెబుతున్నాను. ఆమెను బెదిరించడానికి వాడొద్దు, ఆమే అడిగితే చెప్పండి.

ప్రశ్నార్థకం

నీళ్లతో క్యాన్సర్ పోతుందని నేనూ అనను. కానీ ఇక్కడ అందరూ ఒక విషయం దాటేస్తున్నారు. కంపెనీలు, ప్రభుత్వాలు నిజాలు దాచిపెట్టలేదా? అమెరికాలో టస్కీగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు జబ్బు పేరు కూడా చెప్పకుండా, అది ముదిరితే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. 1947 నాటికే పెన్సిలిన్ మామూలు మందు అయింది. వాళ్లకు ఇవ్వలేదు. ఆ పని చేసింది ప్రభుత్వ ఆరోగ్య శాఖే. నొప్పి మాత్రల వ్యాపారంలో పర్డ్యూ ఫార్మా కోర్టులో నేరం ఒప్పుకుంది, 2007లో ఒకసారి, 2020లో మరోసారి. సూక్ష్మదర్శిని గారు చెప్పిన హీలా కణాలు కూడా హెన్రియెటా లాక్స్ అనే రోగి నుంచి, ఆమెను అడగకుండా తీసుకున్నవే. ఇన్ని జరిగాక మామూలు మనిషి అనుమానిస్తే అతడిని వెర్రివాడంటే ఎలా?

సూటిమాట

పాత సంగతులు పట్టుకుని ప్రతిదాన్నీ అనుమానిస్తే వైద్యమే నడవదండీ.

లెక్కలమాస్టారు

ప్రశ్నార్థకం గారి మాటను పక్కన పెట్టకూడదు. ఆయన చెప్పినవన్నీ జరిగినవే. కుట్రలు ఉంటాయి. కాకపోతే నిజంగా జరిగిన కుట్రలు ఎలా బయటపడ్డాయో చూస్తే, ఏది నమ్మాలో తేల్చుకోవడానికి దారి దొరుకుతుంది.

టస్కీగీ విషయం బయటపెట్టింది అదే శాఖలో పనిచేసిన పీటర్ బక్స్టన్. ముందు లోపలే ఫిర్యాదులు చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి పత్రికలవాళ్లకు కాగితాలు ఇచ్చారు. 1972 జూలైలో జీన్ హెల్లర్ అనే విలేకరి రాసిన వార్తతో లోకానికి తెలిసింది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల మోసం చూడండి. పరీక్ష సమయంలో మాత్రమే పొగ తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్ సుమారు కోటీ పది లక్షల కార్లలో పెట్టారు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు కార్లను రోడ్డు మీద నడిపి కొలిచారు. లెక్క కుదరలేదు. 2015కల్లా కంపెనీ ఒప్పుకోక తప్పలేదు. రెండుచోట్లా కుట్రకు ఒక హద్దు ఉంది: ఫలానావాళ్లు, ఫలానా పని, ఫలానా కాగితం. కొలవగలిగేది ఏదో ఒకటి ఉంది.

“క్యాన్సర్ మందు దాచారు” అన్నదానికి ఆ హద్దు లేదు. అది నిజం కావాలంటే ఒకదానితో ఒకటి పోటీపడే కంపెనీలన్నీ, దేశాలన్నీ, ల్యాబుల్లో పనిచేసే లక్షలమంది నోరు మూసుకోవాలి. వైద్యం ఖర్చంతా ప్రభుత్వమే భరించే దేశాలున్నాయి. నీళ్లతో నయమైతే అవే ముందు ఎగిరి గంతేస్తాయి. డాక్టర్లకూ, కంపెనీ యజమానులకూ, వాళ్ల పిల్లలకూ క్యాన్సర్ వస్తుంది. వాళ్లూ దాచుకుని చచ్చిపోతారా?

డేవిడ్ రాబర్ట్ గ్రైమ్స్ అనే శాస్త్రవేత్త 2016లో దీనికి ఒక లెక్క కట్టారు. నిజంగా బయటపడిన కుట్రలను ఆధారంగా తీసుకుని, ఎంతమందికి తెలిస్తే ఎన్నాళ్లు దాగుతుందో అంచనా వేశారు. క్యాన్సర్ మందును దాచడం అనేది మూడేళ్లకు కాస్త పైగా మాత్రమే నిలుస్తుందని తేలింది. అందులో ఊహలు ఉన్నాయి కాబట్టి సంవత్సరాలను మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు. ఎంత ఎక్కువమందికి తెలిస్తే అంత త్వరగా పొక్కుతుందన్నది మాత్రం మన అనుభవానికి తెలిసిందే.

ఇంకో మాట. లాభం కోసం అబద్ధం చెబుతారనే అనుమానం ఉంటే దాన్ని రెండువైపులా తిప్పి చూడాలి. శరీరాన్ని క్షారంగా మార్చుకుంటే రోగాలు పోతాయని ప్రచారం చేసిన రాబర్ట్ యంగ్‌ను, లైసెన్సు లేకుండా వైద్యం చేసిన నేరానికి 2016లో కాలిఫోర్నియాలో దోషిగా తేల్చారు. తర్వాత జైలుశిక్ష పడింది. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒకావిడ ఆయన మాట విని చికిత్స మానేసి, జబ్బు ముదిరాక కేసు వేస్తే, 2018లో జ్యూరీ ఆమెకు 10.5 కోట్ల డాలర్లు కట్టమంది. ఆ నీళ్ల వెనక కూడా వ్యాపారం ఉంది.

ప్రశ్నార్థకం

మాస్టారూ, ఈ హద్దు అన్న మాట నాకు పనికొస్తుంది. ఒప్పుకుంటాను. అయినా మోసపోయినవాళ్లకు అనుమానించే హక్కు ఉందన్న నా మాట అలాగే ఉంచుతున్నాను.

లెక్కలమాస్టారు

ఉంచండి. నాదీ అదే మాట.

సూటిమాట గారికి కూడా ఒకటి చెప్పాలి. ఇలాంటివి నమ్మడం తెలివితక్కువతనం అనుకుంటే చరిత్ర ఒప్పుకోదు. డార్విన్‌తో పాటు ప్రకృతి వరణాన్ని కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1870లో, భూమి బల్లపరుపుగా ఉందనే జాన్ హాంప్డెన్‌తో 500 పౌండ్ల పందెం కట్టారు. పొడుగాటి కాలువ మీద ఒకే ఎత్తున గుర్తులు పెట్టి, టెలిస్కోపుతో చూసి, మధ్య గుర్తు పైకి లేచి ఉందని చూపించారు. పందెం గెలిచారు. హాంప్డెన్ ఒప్పుకోకపోగా ఏళ్ల తరబడి బూతు ఉత్తరాలతో, కేసులతో ఆయన్ను వేధించాడు. అంత చక్కగా ప్రయోగం చేసిన వాలెసే తర్వాత మశూచి టీకాలకు వ్యతిరేకంగా పుస్తకాలు రాశారు, ఆత్మలతో మాట్లాడవచ్చని అయితే అంతకుముందు నుంచే నమ్మారు. మనకాలంలోకి వస్తే, 1993లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన క్యారీ ముల్లిస్, ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీ కారణం కాదని వాదించారు. అదే తరహా వాదనలను దక్షిణాఫ్రికా ప్రభుత్వం తలకెక్కించుకుని మందులు ఇవ్వడం ఆలస్యం చేస్తే, 2000–2005 మధ్య 3,30,000కు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. వీళ్లలో ఎవరు తెలివిలేనివాళ్లు?

సూటిమాట

సరే మాస్టారూ. కానీ ఇంత వివరంగా చెప్పినా అవతలివాళ్లు ఇంకా మొండికేస్తారని ఎక్కడో చదివాను. ఆధారాలు చూపిస్తే నమ్మకం మరింత గట్టిపడుతుందట కదా?

కోడ్‌గూడు

అది 2010లో వచ్చిన ఒక పరిశోధన మాట. ఆ తర్వాత వుడ్, పోర్టర్ అనే ఇద్దరు పదివేలకు పైగా మందిని, 52 అంశాల మీద పరీక్షించి 2019లో ప్రచురించారు. అలా ఎదురుతిరగడం దాదాపు ఎక్కడా కనబడలేదు. సరిదిద్దితే జనం ఎంతోకొంత సరిదిద్దుకుంటారు. ఈ కబురు మొదటిదాని అంత దూరం వెళ్లలేదు, అంతే.

2024లో సైన్స్ పత్రికలో వచ్చినది ఇంకా ఆశ పుట్టించింది నాకు. కుట్ర సిద్ధాంతాలు నమ్మే రెండువేలకు పైగా మంది, తాము ఎందుకు నమ్ముతున్నారో వాళ్ల మాటల్లోనే రాశారు. ఏఐ చాట్‌బాట్ ఆ కారణాలకే, ఒక్కొక్కదానికి ఆధారాలతో జవాబిచ్చింది. వాళ్ల నమ్మకం సగటున 20 శాతం దాకా తగ్గింది, రెండు నెలల తర్వాత చూసినా ఆ తగ్గుదల అలాగే ఉంది. చాట్‌బాట్ గొప్పదనం కాదిది. ఆ మనిషి లేవనెత్తిన ప్రశ్నకే విసుక్కోకుండా జవాబు దొరకడం. పైన సూక్ష్మదర్శిని గారు చేసింది కూడా అదే.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి వ్యాప్తి గురించి కూడా ఒక మాట. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన 1,26,000 కథనాలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో ప్రచురించారు. అబద్ధపు వార్తను పంచుకునే అవకాశం నిజమైన దానికంటే 70 శాతం ఎక్కువ. 1,500 మందికి చేరడానికి నిజమైన వార్తకు ఆరు రెట్ల సమయం పట్టింది. అందరూ బాట్‌ల మీద, అంటే మనిషి లేకుండా వాటంతటవే పోస్టులు పెట్టే ఖాతాల మీద, నెట్టేస్తారు. బాట్‌లను తీసేసి చూసినా తేడా అలాగే ఉంది. పంచింది మనుషులే, కొత్తగా, ఆశ్చర్యంగా ఉందని పంచారు. పైగా ఒకే మాట పదేపదే కళ్లబడితే నిజమనిపిస్తుందని 1977 నుంచీ ప్రయోగాల్లో తేలుతూనే ఉంది. పిన్ని గారికి ఆ నీళ్ల వీడియో ఒకటి చూడగానే యాప్ అలాంటివే వరసగా చూపిస్తూ ఉంటుంది. ఎంతసేపు చూస్తారన్నదే దానికి లెక్క, అందులో ఉన్నది నిజమా కాదా అన్నది దానికి పట్టదు.

వెన్నెలబాట

నిన్న పిన్నితో చాలాసేపు మాట్లాడాను. రాత్రిడ్యూటీ గారూ, మీరు చెప్పినట్టే ముందు అడిగాను. ఆమె స్నేహితురాలు ఏదో ఆపరేషన్‌కు వెళ్లి మత్తులోంచి తేరుకోలేదట. మాకెవరికీ ఆ సంగతి తెలియదు. డాక్టరుకు కూడా చెప్పలేదట.

తర్వాత ఫ్లాస్కులో రంగు మారే సంగతి చెప్పాను. ఆసక్తిగా విన్నది, రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. ఇప్పుడు కొత్త ప్రశ్న వేసింది: స్కాన్‌లో కణితి గ్లూకోజ్‌ను లాగేసుకుంటుంది కదా, మరి తీపి పూర్తిగా మానేస్తే అది మాడిపోదా? దీనికి నా దగ్గర జవాబు లేదు.

సూక్ష్మదర్శిని

చాలా మంచి ప్రశ్న. శరీరంలో ప్రతి కణానికీ గ్లూకోజ్ కావాలి, మెదడుకు మరీ ఎక్కువగా. మనం తీపి తినకపోయినా, ఏమీ తినకపోయినా, కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలో దాని మోతాదు పడిపోకుండా చూస్తుంది. కణితికి మాత్రం అందకుండా ఆపే దారి తిండిలో లేదు. తీపి తగ్గించుకోవడం మంచిదే, కానీ చికిత్సకు ముందు కడుపు మాడ్చుకుని బరువు తగ్గితే ఆపరేషన్ తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఏం తినాలో ఆసుపత్రిలో డైటీషియన్‌ను అడగమనండి.

రాత్రిడ్యూటీ

స్నేహితురాలి సంగతి సర్జన్‌కే కాదు, మత్తుమందు ఇచ్చే డాక్టరుకు కూడా చెప్పించండి. ఆపరేషన్‌కు ముందు వాళ్లతో విడిగా మాట్లాడే సమయం అడగవచ్చు. గుండె, ఊపిరితిత్తులు, వాడుతున్న మందులు, అలర్జీలు అన్నీ చూసి ఆమెకు ముప్పు ఎంతో వాళ్లే చెబుతారు. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనిపిస్తే తీసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. రొమ్ము మొత్తం తీయాలా, గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందా అన్నది తప్పక అడగమనండి. తొలిదశలో చాలామందికి రెండోది కుదురుతుంది. ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి, మీరూ పక్కన కూర్చోండి.

సూటిమాట

వెన్నెలబాట గారూ, మీ అన్నయ్యను ఒకసారి ఆమె దగ్గరికి వెళ్లమనండి. వాదించడానికి కాదు.

ప్రశ్నార్థకం

మాస్టారూ, కాగితాలు బయటపడిన కుట్రల గురించి చదవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

లెక్కలమాస్టారు

సిగరెట్ కంపెనీలతో మొదలుపెట్టండి. 1998లో అమెరికా రాష్ట్రాలతో కుదిరిన ఒప్పందం వల్ల వాళ్ల లోపలి కాగితాలు జనానికి అందుబాటులోకి వచ్చాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ల ఆన్‌లైన్ భాండాగారంలో లక్షల కొద్దీ ఉన్నాయి, ఎవరైనా వెతుక్కోవచ్చు. 1969 నాటి ఒక మెమో కోసం చూడండి. సందేహమే మన సరుకు అని అందులో వాళ్లే రాసుకున్నారు. పొగకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందన్న మాటను కొట్టిపారేయనక్కర్లేదు, ఇంకా తేలలేదని జనాన్ని అనుకోనిస్తే చాలన్నది వాళ్ల పథకం. అది చదివాక ఆ నీళ్ల ఫార్వర్డ్‌ను ఇంకోసారి చదవండి. మీకేమనిపించిందో ఇక్కడ రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.